వానకు లెక్క కట్టిన బ్యాంకు

2003 వానాకాలంలో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో 230 మంది రైతులు ఒక కొత్త రకం బీమా కాగితం కొన్నారు. వాళ్లలో 154 మంది పల్లి వేసినవాళ్లు, 76 మంది ఆముదం వేసినవాళ్లు. ఆ కాగితంలో రైతు చేను గురించి ఒక్క మాట లేదు. పంట ఎండిందా, ఎన్ని బస్తాలు ఇంటికొచ్చాయి అన్న ప్రశ్నే లేదు. మహబూబ్‌నగర్‌లో వాతావరణ శాఖ పెట్టిన వానమాపకంలో ఎన్ని మిల్లీమీటర్లు పడింది, ఏ రోజుల్లో పడింది, అంతే. లెక్క తగ్గితే డబ్బు వస్తుంది. చేను చూడడానికి ఎవరూ రారు. నష్టం రాసుకోమని ఎవరినీ బతిమాలే పని లేదు.

మన దేశంలో రైతు చేతికి అందిన మొదటి వాన బీమా ఇదే. అమ్మింది మహబూబ్‌నగర్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న చిన్న బ్యాంకు, అప్పటికి రెండేళ్ల కిందటే తలుపులు తెరిచిన కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు. నష్టభారం తలకెత్తుకున్నది ఐసీఐసీఐ లాంబార్డ్. లెక్కలు కట్టడంలో ప్రపంచ బ్యాంకు నిపుణులు సాయం చేశారు. వాళ్లకూ రైతుకూ నడుమ నిలబడ్డది ఆ బ్యాంకును పుట్టించిన బేసిక్స్ సంస్థ. పెద్ద కంపెనీల్లో కొత్త సేవలు ఎలా పుడతాయో చెప్పే మేనేజ్‌మెంట్ పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటికన్నా ఈ ఒక్క కాగితాన్ని ఎలా కట్టారో విప్పి చూడడం నాకు ఎక్కువ రుచిస్తుంది. పనితనం పేరాలకు పేరాల ఆశయాల్లో కనిపించదు, ఒక్కో షరతు వెనక ఉన్న ఆలోచనలో కనిపిస్తుంది.

ముందు నేల సంగతి. ఉదాహరణకు కోడేరునే తీసుకోండి, ఈరోజు అది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండలం. కొల్లాపూర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ నడుమ ఉంటుంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లానే. పక్కనే కృష్ణ పారుతున్నా, ఆ నీళ్లు పైకెక్కే ఏర్పాటు చాలా కాలం లేదు. ఎర్ర చెల్క నేలలు, మొగులు వైపు చూసే సేద్యం. జిల్లా సగటు వాన ఏడాదికి 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ మాత్రం వాన సరైన కార్తెల్లో పడితే ఆముదం, పల్లి, జొన్న, కంది చేతికొస్తాయి. మధ్యలో నెల రోజులు మొహం చాటేస్తే పంట పోతుంది, ఏడాది సగటు మాత్రం రికార్డుల్లో చక్కగానే ఉంటుంది. పంట పోయిన ఇంటికి గుంపు మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, ఇంటిల్లిపాదీ ఎక్కడో కట్టే ఆనకట్టకో రోడ్డుకో బయల్దేరుతారు. పాలమూరు కూలీ అన్న పేరు దేశమంతా అలా పాకింది.

ఇలాంటి చోట అప్పులిచ్చే బ్యాంకు గల్లాపెట్టె వైపు నుంచి చూడండి. ఒకరి బర్రె చస్తే ఆ ఒక్కరి కిస్తీ ఆగుతుంది. వాన రాకపోతే ఊరంతా ఆగుతుంది, పక్కూరూ ఆగుతుంది. షావుకారు దీన్ని మిత్తిలో ముందే కలిపేసుకుంటాడు, పంట తన దుకాణానికే రావాలని షరతు పెట్టుకుంటాడు. దేశమంతా శాఖలున్న బ్యాంకుకు పాలమూరు కరువు పద్దుల పుస్తకంలో ఒక వరుస. మూడు జిల్లాలు దాటి వెళ్లకూడని బ్యాంకుకు ఆ వరుసే మొత్తం పుస్తకం.

మూడు జిల్లాలన్న గీత ఎక్కడిదంటే, 1996 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం ప్రకటించిన లోకల్ ఏరియా బ్యాంకుల పథకంలోది. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు విధివిధానాలు ఇచ్చింది. 5 కోట్ల రూపాయల మూలధనం ఉంటే చాలు, ప్రైవేటువాళ్లు బ్యాంకు పెట్టుకోవచ్చు. కానీ ఒకదానికొకటి ఆనుకున్న మూడు జిల్లాల్లోనే పని చేయాలి. స్థానికుల పొదుపు స్థానికంగానే అప్పుగా తిరగాలన్నది ఉద్దేశం. నిలబడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. విజయవాడలో కోస్టల్, పంజాబ్‌లో కేపిటల్, కొల్హాపూర్‌లో సుభద్ర, ఇక్కడ ఈ బ్యాంకు. దీనికి దక్కిన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, రాయచూర్, గుల్బర్గా. రెండు రాష్ట్రాలు, తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసిన నేల. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టే తంగిడి దగ్గర భీమ వచ్చి కలుస్తుంది. బ్యాంకు పేరు అక్కడిది. తర్వాత గుల్బర్గాలోంచి యాదగిరి, మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆపైన నారాయణపేట విడిపోయాయి. మూడు జిల్లాల బ్యాంకు ఉన్నచోటునే ఉంది, జిల్లాలే చుట్టూ పెరిగిపోయాయి.

బేసిక్స్ 1996లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైంది. విజయ్ మహాజన్, భారతీ రమోలా, దీప్ జోషీ దాన్ని నిలబెట్టినవాళ్లు. మహాజన్ ఐఐటీ, ఐఐఎం చదువులు చదివి, 1983లో జోషీతో కలిసి ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టినవాడు. జోషీకి ఆ పనికే 2009లో మెగసెసే అవార్డు వచ్చింది. బేసిక్స్ మొదటి అప్పులు రాయచూర్ జిల్లాలో ఇచ్చింది. అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ ఒకటి, లాభాపేక్ష లేకుండా సలహాలూ శిక్షణా ఇచ్చేది ఇంకొకటి, వీటన్నిటికీ పైన ఒక మాతృ సంస్థ. ఒక్కో పనికి చట్టంలో ఏ రూపం సరిపోతుందో వెతికి, ఆ రూపంలో ఒక్కో కంపెనీ కట్టారు. వినడానికి విసుగు పుట్టించే ఏర్పాటే. 2010లో ఈ విభజనే ఎలా పనికొచ్చిందో చూస్తాం.

ఇంత ఉన్నాక మళ్లీ బ్యాంకు ఎందుకు? వాళ్ల ఫైనాన్స్ కంపెనీకి అప్పిచ్చే హక్కు ఉంది, జనం దగ్గర పొదుపు తీసుకునే హక్కు లేదు. పేద ఇంటికి అప్పు కన్నా ముందు కావలసింది పైసలు దాచుకునే చోటు. బియ్యం డబ్బాలో దాచింది ఇంట్లో అవసరానికి కరిగిపోతుంది, చీటీలో వేసింది చీటీ నడిపేవాడి నీతి మీద ఆధారపడుతుంది. పెద్ద బ్యాంకు 50 రూపాయలు వేయడానికి వచ్చినవాణ్ని చూసే చూపు సంగతి చెప్పక్కర్లేదు. పొదుపు తీసుకోవాలంటే బ్యాంకు లైసెన్సే కావాలి. అందుకే లోకల్ ఏరియా బ్యాంకు పథకం రాగానే దాన్ని పట్టుకున్నారు. 2001లో మహబూబ్‌నగర్‌లో పని మొదలైంది.

అదే 2001లో బేసిక్స్ ఇంకో పని చేసింది. నా దృష్టిలో దాని చరిత్రలో అన్నిటికన్నా గట్టి పని అది. తన దగ్గర మూడేళ్లపాటు మళ్లీ మళ్లీ అప్పు తీసుకున్నవాళ్ల బతుకులు ఏమయ్యాయో బయటి సంస్థ చేత సర్వే చేయించింది. ఆదాయం పెరిగినవాళ్లు 52 శాతం. ఏ మార్పూ లేనివాళ్లు 25 శాతం. ఆదాయం తగ్గినవాళ్లు 23 శాతం. వసూళ్లు బాగున్నాయి, పత్రికలు మెచ్చుకుంటున్నాయి, దేశమంతా సూక్ష్మ రుణం గొప్పదని చాటుతోంది. ఆ సమయంలో నూటికి 23 మంది మా అప్పు తీసుకున్నాక కిందికి జారారు అని వాళ్లే రాసుకున్నారు, వాళ్లే అచ్చువేశారు. 52 ఒక్కటి చూపించి ఊరుకునే అవకాశం పుష్కలంగా ఉంది. మహాజన్ తర్వాత రాసిన వ్యాసాల్లో ఈ మూడు అంకెలూ కలిసే కనిపిస్తాయి.

కారణాలేమిటని తవ్వితే మూడు తేలాయి. వానా జబ్బూ లాంటి ముప్పులకు కాపు లేకపోవడం. పంటలోనూ పశువులోనూ దిగుబడి తక్కువ కావడం. కొనేచోటా అమ్మేచోటా రైతు మాట చెల్లకపోవడం. అంటే ఇచ్చిన అప్పు మంచిదే, దాని చుట్టూ ఉన్న నేలే జారుడుగా ఉంది. దాంతో 2002లో దారి మార్చారు. అప్పుతోపాటు పొదుపు, బీమా. పంటకూ పశువుకూ ఫీజు తీసుకుని ఇచ్చే సలహా, సేవ. రైతులు గుంపుగా బేరమాడేందుకు వాళ్ల సంఘాలకు ఊతం. వనపర్తిలో ప్రభుత్వ డెయిరీకి పాలు చల్లబరిచే కేంద్రం ఉండేది, సరిపడా పాలు రాక నీరసపడింది. బ్యాంకు బర్రెలకు అప్పులిచ్చినంత మాత్రాన ఆ పాలు అక్కడికి చేరవు. పాలు పోయించుకునే ఊళ్లను కలపడం, పశువులకు నట్టల మందూ టీకాలూ అందేలా చూడడం, డెయిరీతో మాట్లాడి సేకరణ దారులు వేయించడం, ఇవన్నీ నెత్తిన వేసుకున్నారు. బ్యాంకువాళ్లు పాల డబ్బాల లెక్క చూడడమేమిటని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. కానీ బర్రె మీద ఇచ్చిన అప్పు తిరిగొచ్చేది ఆ డబ్బాల్లోంచే కదా.

వాన బీమా పుట్టింది ఆ మూడు కారణాల్లో మొదటిదానికి జవాబుగా.

అంతకుముందు పంటల బీమా లేకపోలేదు. 1999 నుంచి జాతీయ పంటల బీమా పథకం నడుస్తూ ఉండేది. అప్పు తీసుకున్న రైతు ఖాతాలోంచి ప్రీమియం కట్ అవుతుంది. కోతలప్పుడు కొన్ని చేలల్లో పంట కోసి తూచి, ఆ ప్రాంతం సగటు దిగుబడి కడతారు. తగ్గితే పరిహారం. కాగితం మీద బాగానే ఉంది. ఆ తూకాలు పై దాకా వెళ్లి, లెక్కలు తేలి, డబ్బు దిగి వచ్చేసరికి నెలలకు నెలలు పడుతుంది. ఈలోపు మళ్లీ విత్తనాల సీజన్ వస్తుంది, రైతు మళ్లీ షావుకారు గడప ఎక్కి ఉంటాడు. పంట తూచే చోట మనుషుల చేతివాటానికి సందు ఉండనే ఉంటుంది.

వానమాపకానికి ఆ బాధ లేదు. ఎవరు బలవంతుడో, ఎవరు సర్పంచి బంధువో దానికి తెలియదు. రోజూ ఉదయం లెక్క రాసి పెడతారు. బీమా ఉంది కదా అని రైతు కలుపు తీయకుండా వదిలేసినా వాన లెక్క మారదు, అందువల్ల కష్టపడి చేసినవాడికి నష్టం లేదు. పైగా వాతావరణ శాఖ దగ్గర కొన్ని దశాబ్దాల పాత లెక్కలున్నాయి. ఎన్నేళ్లకోసారి ఎంత తగ్గుతుందో వాటిలోంచి కట్టి, ప్రీమియం ఎంత పెట్టాలో తేల్చవచ్చు. ఇంతవరకూ ఆలోచన ఎవరికైనా తట్టేదే. కష్టమంతా వానను పంటతో ముడిపెట్టడంలో ఉంది.

2003లో వేసిన మొదటి ముడి ఇలా ఉంది. సీజన్‌ను పదేసి రోజుల గడులుగా విడదీసి, ఏ గడిలో పడ్డ వాన పంటకు ఎంత ముఖ్యమో ఒక బరువు పెట్టారు. అన్నీ కలిపితే ఒక సూచీ వస్తుంది. సూచీ ఒక గీత కిందికి దిగితే పరిహారం మొదలు. రైతు కమతాన్ని బట్టి చిన్న, మధ్య, పెద్ద అని పాలసీలు వేరు. గణితం తెలిసినవాడికి ముచ్చటేస్తుంది. రైతుకు మాత్రం బరువులు కట్టిన సూచీని చెప్పి ఒప్పించడం ఎవరి తరం? పోయిన వారం మా ఊళ్లో నాలుగు చినుకులు కూడా పడలేదు, మరి నా పైసలెన్ని అని అడిగితే జవాబు చెప్పడానికి లెక్కల మాస్టారు కావాలి.

సీజన్ అయ్యాక రైతులతో కూర్చున్నారు. అప్పుడు తేలినవి చిన్న విషయాలు కావు. మొదట్లో విత్తనం వేసి మొలక నిలిచేదాకా వచ్చే బెట్టకు కాగితంలో ఉన్న బరువు చాలదని రైతులన్నారు. కోతల్లో పడే వాన గురించి మీ కాగితం మాట్లాడదేమని అడిగారు. పల్లి పీకే వేళ ముసురు పట్టిందంటే కాయ నేలలోనే మొలకెత్తుతుంది. ఆముదం గెలలకు బూజు పడుతుంది. కరువు బీమా అని పేరు పెట్టుకుని ఎక్కువ వాననే మరిచిపోయారన్నమాట.

2004 కాగితం పూర్తిగా వేరు. కొత్త నాగలి చేసిన వడ్రంగి రెండు సాళ్లు తోలించి చూసి కర్రు వంపు సరిచేసినట్టు చేశారు. బరువుల సూచీ తీసేశారు. సీజన్ మూడు దశలైంది. మొలిచి ఎదిగే దశ, పూత, కాయ పట్టే దశ, కోత దశ. మొదటి రెండింటిలో వాన తక్కువైతే డబ్బు, మూడోదాంట్లో ఎక్కువైతే డబ్బు. ఏ దశ లెక్క ఆ దశదే. మొదట్లో ఎండగొట్టి తర్వాత కుండపోత కురిసినా, సగటు బాగానే ఉంది అని చెప్పి తప్పించుకునే దారి మూసేశారు. మాట వరసకి ఒక దశలో గీత 60 మిల్లీమీటర్ల దగ్గర, అడుగు గీత 20 దగ్గర ఉన్నాయనుకోండి. 60 దాటి పడితే ఏమీ రాదు. 60 నుంచి కిందికి తగ్గే ఒక్కో మిల్లీమీటరుకూ ఇన్ని రూపాయలని లెక్క. 20 కూడా పడకపోతే ఆ దశకు పెట్టిన మొత్తం ఒకేసారి చేతికి. ఈ సంగతి రచ్చబండ మీద కూర్చుని ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు.

నన్ను ఆపి మళ్లీ చదివించినవి ఇంకా చిన్న షరతులు. మొదటి దశ ఏ తారీఖున మొదలవుతుంది? ఏదో తారీఖు అచ్చువేస్తే సరిపోదు, రైతు తారీఖు చూసి విత్తడు, పదును చూసి విత్తుతాడు. అందుకే జూన్ 1 నుంచి పడ్డ వానంతా కూడుతూ పోయి, 50 మిల్లీమీటర్లకు చేరిన రోజున పాలసీ గడియారం తిరగడం మొదలవుతుందని పెట్టారు. అప్పటికీ చేరకపోతే జులై 1న ఎలాగూ మొదలు. ఆ రోజు నుంచి మొదటి రెండు దశలకు 35 రోజుల చొప్పున, కోత దశకు 40 రోజులు. మృగశిరలో పడ్డ ఏడాది ముందు, ఆరుద్ర దాకా ఆగిన ఏడాది వెనక. బ్యాంకు క్యాలెండరు రైతు క్యాలెండరు వెంట నడిచిందన్నమాట, ఇది అరుదు.

ఇంకొకటి. ఒకే రోజు 60 మిల్లీమీటర్లు మించి పడితే, మించిన భాగం లెక్కలోకి రాదు. 2 మిల్లీమీటర్ల లోపు పడితే అసలు పడనట్టే. పైకి చూస్తే కంపెనీవాళ్ల తొండి షరతులా అనిపిస్తుంది. నెమ్మదిగా ఆలోచిస్తే రెండూ రైతు వైపే మొగ్గుతాయి. కరువు దశల్లో లెక్క పెరిగితే నష్టపోయేది రైతు కదా. చెల్క నేల మీద ఒక్క పూట కుండపోత కురిస్తే నీళ్లు వాగులోకి పోతాయి, వేరుకు దిగేది కొంతే. ఆ వరదను కూడా వానగా లెక్కేస్తే, ఎండిన చేను పక్కన వానమాపకం నిండుగా కనిపిస్తుంది, పరిహారం పోతుంది. అలాగే జల్లు పడి అరగంటలో ఆవిరైపోయే తడి మొక్కకు అందదు, దాన్ని కూడితే రైతుకు అన్యాయం. నేల ఎంత తాగుతుందో తెలిసినవాడు రాసిన వాక్యాలివి. ఒప్పందం అన్న పొడి కాగితంలో నేల స్వభావం ఇంతగా ఇంకడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ పాలసీల వెంట ఆర్థికవేత్తలు కూడా వచ్చారు. జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల ఊళ్లలో ఇంటింటి సర్వేలు చేశారు. వాన ఎప్పుడు మొదలవుతుందనుకుంటున్నారని రైతులను అడగడానికి ఇంగ్లిషు నెలలు పనికిరావని గ్రహించి కార్తెల వారీగా గడులు గీశారు. గులకరాళ్లు చేతికిచ్చి, ఏ కార్తెలో పడే అవకాశం ఎక్కువో దాంట్లో ఎక్కువ రాళ్లు పెట్టమన్నారు. వాళ్లు తేల్చిన సంగతుల్లో కొన్ని బ్యాంకు గర్వపడేవి, కొన్ని మింగుడుపడనివి.

పాఠ్యపుస్తకం ప్రకారం ముప్పంటే ఎక్కువ భయపడేవాడు ముందుగా బీమా కొనాలి. ఇక్కడ తలకిందులైంది. భయస్తులే వెనకాడారు. కాగితమే వాళ్లకు ఒక కొత్త ముప్పులా కనిపించింది. కొన్నవాళ్లు కాస్త ఉన్నవాళ్లు, ఊళ్లో నలుగురితో సంబంధాలున్నవాళ్లు, బేసిక్స్‌ను అంతకుముందే ఎరిగినవాళ్లు. కొననివాళ్లు చెప్పిన పెద్ద కారణం, చేతిలో పైసలు లేవని. విత్తనం, ఎరువు, దుక్కి కూలి ఒకేసారి మీదపడే జూన్‌లో ప్రీమియం కట్టమంటే ఎవరు కడతారు? తర్వాత చేసిన ప్రయోగాల్లో కొంత నగదు చేతిలో పెట్టి అడిగితే కొనేవాళ్లు బాగా పెరిగారు. ఎరిగిన సంస్థ మనిషి పరిచయం చేస్తే కూడా పెరిగారు. సేవను ఎంత బాగా చెక్కినా అది ఏ నెలలో గడప ఎక్కుతుంది, ఎవరి వెంట ఎక్కుతుంది అన్నది అంతే పెద్ద ప్రశ్న.

రెండోదానికి ఈ బ్యాంకు దగ్గర జవాబు ఉండేది. ఊరివాళ్లనే కమిషన్ మీద ఏజెంట్లుగా పెట్టుకుని, అప్పు దరఖాస్తు, వసూలు, పొదుపు, బీమా అన్నీ ఇంటి ముందుకే తీసుకెళ్లడం మొదటి నుంచీ వాళ్ల పద్ధతి. రిజర్వ్ బ్యాంకు బిజినెస్ కరస్పాండెంట్లన్న పేరుతో ఇలాంటి ఏర్పాటుకు దారి తెరిచింది 2006 జనవరిలో. ఇప్పుడు ప్రతి ఊళ్లో వేలిముద్ర యంత్రం పట్టుకుని కూర్చునే మనిషికి అది పుట్టినరోజు. ఒకే మనిషి నాలుగు సేవలు మోస్తే ఖర్చు నాలుగింటి మీద పంచుకుంటుంది, ఆ లెక్క లేకుండా వెయ్యి రూపాయల పొదుపు ఖాతా నడపడం ఏ బ్యాంకుకూ గిట్టదు. అప్పు తీసుకున్నవాడు చనిపోతే ఆ అప్పు ఇంటివాళ్ల మెడకు చుట్టుకోకుండా 2002లోనే అవీవాతో జీవిత బీమా జతచేసింది కూడా ఈ దారిలోనే.

మొదటి ప్రశ్నకు మాత్రం సరైన జవాబు దొరకలేదు. ఇంకా పెద్ద లోపం, వానమాపకం ఒకచోట, చేను ఒకచోట ఉండడం. పాలమూరులో వాన ఎంత చిత్రంగా పడుతుందో తెలియనివాళ్లు లేరు. వాగుకు ఇవతల చేను తడుస్తుంది, అవతల దుమ్ము లేస్తుంది. మహబూబ్‌నగర్ మాపకంలో పడ్డ వానను బట్టి కొల్లాపూర్ వైపు రైతుకు డబ్బు లెక్కగడితే, ఎండినవాడికి ఏమీ రాకపోవచ్చు, పండినవాడికి రావచ్చు. 2004లో మాపకాలు పెంచారు. 2005 వచ్చేసరికి ఆరు రాష్ట్రాల్లో 36 చోట్ల, 6,703 మందికి 7,685 పాలసీలు అమ్మారు. మొదటి ఏడాది 230తో పోలిస్తే ఎదుగుదలే. కోట్ల కమతాల దేశంలో అది చుక్క అని కూడా ఒప్పుకోవాలి. కొన్నవాళ్లు కూడా చాలామంది ఒక్కటే పాలసీ కొన్నారు. ఒక్క పాలసీతో కుటుంబం మొత్తానికి కరువు కాపు దొరకదు, రుచి చూడడానికే కొన్నారు. ఈ రెండు విషయాలూ దాచి ఈ పనిని పొగడడం నాకు ఇష్టం లేదు.

ఆలోచన మాత్రం గట్టిగా పాకింది. 2004లోనే ప్రభుత్వ రంగ వ్యవసాయ బీమా కంపెనీ తన వాన బీమా తెచ్చింది. 2007లో కేంద్రం వాతావరణ ఆధారిత పంటల బీమాను ప్రయోగంగా మొదలుపెట్టింది, 2016లో దాన్ని కొత్త రూపంలో కొనసాగించింది. సబ్సిడీ వచ్చాక లక్షల్లో, కోట్లలో రైతులు చేరారు. ప్రైవేటు చిన్న బ్యాంకు సొంత తంటాలతో చూపించిన దారిలో సర్కారు బండి నడిచింది. ఇలాంటి చోట్ల మొదట దారి తీసినవాడికి లాభం మిగలదు. మిగలాలని వాళ్లు ఆశించారో లేదో గానీ, సబ్సిడీ పాలసీ పక్కన పూర్తి ధర పాలసీ నిలబడేది కాదు.

ఇక 2010. ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థలు ఒకే ఇంటికి నాలుగైదు వైపుల నుంచి అప్పులిచ్చి, వారం వారం వసూళ్లకు ఒత్తిడి పెట్టడం, ఆత్మహత్యల వార్తలు, అక్టోబరులో ప్రభుత్వ ఆర్డినెన్స్, తర్వాత చట్టం. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. బేసిక్స్ ఫైనాన్స్ కంపెనీ కూడా అందులో చిక్కుకుంది, ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. అప్పటికి ఆ సంస్థల సంఘానికి అధ్యక్షుడు విజయ్ మహాజనే. 23 శాతం మంది కిందికి జారారని తొమ్మిదేళ్ల ముందే అచ్చువేసిన మనిషి, ఆ రంగం మొత్తం తరఫున తిట్లు తినాల్సిన కుర్చీలో ఉన్నాడు.

చట్టం బ్యాంకులకు వర్తించలేదు. కృష్ణా భీమా సమృద్ధి బ్యాంకు రిజర్వ్ బ్యాంకు లైసెన్సుతో, జనం దాచుకున్న డిపాజిట్లతో, వేరే చట్టం కింద వేరే కంపెనీగా నిలబడి ఉంది. ఒక్కో పనికి ఒక్కో గిన్నె అని 1990ల చివర్లో చేసిన ఆ విసుగెత్తించే ఏర్పాటు వల్ల, తోటి కంపెనీ కూలినప్పుడు ఇది పక్కన నిలవగలిగింది. మాతృ సంస్థలు కొత్త సేవలను సొంత కడుపులోనే ఉంచుకోవాలా, విడిగా పుట్టించాలా అన్న చర్చ వ్యాపార బడుల్లో ఎప్పటికీ తెగదు. పాలమూరులో ఆ ప్రశ్నకు ఒక నిజమైన ప్రయోగఫలితం ఉంది.

తోటి లోకల్ ఏరియా బ్యాంకుల్లో జలంధర్ కేపిటల్ 2016లో స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుగా మారిపోయింది. 2020లో సుభద్ర లైసెన్సు రద్దయింది. ఆ తర్వాత పథకం కింద మిగిలినవి రెండు, రెండూ తెలుగువాళ్ల మధ్య పుట్టినవే, కోస్టలూ ఇదీ. తెలంగాణ 2020 వానాకాలంలో కేంద్ర పంటల బీమా నుంచి తప్పుకుంది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే రైతు బీమా 2018 నుంచి ఉంది. అది ప్రాణానికి, పంటకు కాదు. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి కృష్ణ నీళ్లను ఎత్తే కల్వకుర్తి పథకం కాలువలు వచ్చాక ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఆముదం పోయి వరి వచ్చింది. కాలువ అందని చెల్కల్లో లెక్క ఇంకా వానదే.

2003లో ఆ కాగితం రాసినవాళ్లకు పెద్ద కొరత మాపకాలదే. ఇప్పుడు తెలంగాణలో ప్రతి మండలంలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి, రోజువారీ వాన లెక్క మండలాల వారీగా అందరికీ కనిపిస్తోంది. కోడేరు వానకు మహబూబ్‌నగర్ దాకా వెళ్లి అడగాల్సిన పని తీరింది. ప్రీమియం ఎంతో తేల్చడానికి పాతికేళ్ల పాత లెక్కలు కావాలి, ఈ కేంద్రాల వయసు ఇంకా అంత కాలేదు. మరో పదేళ్లకు ఆ లెక్కలు పోగవుతాయి. 50, 60, 2 మిల్లీమీటర్ల ఆ పాత షరతులు మండలం స్థాయిలో మళ్లీ రాసి చూసే పని ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ప్రీమియం మాత్రం జూన్‌లో కాకుండా, పంట అమ్మి చేతిలో పైసలాడే నెలల్లోనే పొదుపు ఖాతాలోంచి కొంచెం కొంచెంగా తీసుకునేలా పెట్టాలి.